78 స్పీడ్ లేని టర్న్‌టేబుల్‌తో వి-డిస్క్‌లు: రియా కర్వ్ ముందు తీయాలా, తర్వాతా?

అమెరికన్ బ్యాండ్ నాయకుడు గ్లెన్ మిల్లర్ ఆర్మీ బ్యాండ్‌వి రెండు వి-డిస్క్‌లు దొరికాయి. 1943-49 మధ్య అమెరికా సైనికుల కోసం తయారుచేసిన 12 అంగుళాల 78 (నిమిషానికి దాదాపు 78 చుట్లు తిరిగే) రికార్డులివి. డిజిటల్‌లోకి మార్చి, పాత రేడియో ప్రోగ్రాంలు వినే మా స్నేహితులకు పంపాలని ఉంది.

నా టర్న్‌టేబుల్‌లో 33, 45 స్పీడ్‌లే ఉన్నాయి. 3 మిల్ ముల్లు (78 రికార్డుల వెడల్పు గాడికి సరిపోయేది) పెట్టి 45లో తిప్పి, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేశాను. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్ 1.739 రెట్లు పెంచాను. శ్రుతి సరిగ్గానే వచ్చింది, పేచీ అంతా టోన్‌తోనే.

ప్రీఆంప్ (టర్న్‌టేబుల్ సిగ్నల్‌ను పెంచే పెట్టె) తనంతట తానే రియా (RIAA) కర్వ్, అంటే బాస్ పెంచి ట్రెబుల్ తగ్గించే ఎల్పీల టోన్ సర్దుబాటు, వేసేస్తుంది, ఆపే స్విచ్ లేదు. దాన్ని అలాగే వదిలేస్తే బాస్ బొంగురుగా ఉంది, క్లారినెట్ దుప్పటి కప్పుకుని వాయించినట్టుంది. స్పీడ్ పెంచాక రివర్స్ రియా (ఆ సర్దుబాటును రద్దుచేసేది) వేసి, పాత 78ల కోసం 500 హెర్ట్జ్ టర్నోవర్ (దాని కింద బాస్ పెంచే హద్దు) పెడితే ట్రంపెట్లు చెవిలో సూదుల్లా గుచ్చుకుంటున్నాయి. ముల్లు అరిగిందేమో అనుకుని కొత్తది కూడా మార్చాను (డబ్బు దండగ), తేడా లేదు. నాయిస్ రిడక్షన్ ఇంకా ముట్టుకోలేదు.

తప్పు వరుసలోనే ఉందని నా అనుమానం. ఇలా చేసినవాళ్లెవరైనా చెప్పండి: రివర్స్ రియాను 45 స్పీడ్ ఫైల్ మీదే వేసి, ఆ తర్వాత స్పీడ్ పెంచాలా?