ఎల్‌డాప్‌సెర్చ్ సరిగ్గా 1000 దగ్గర ఆగిపోయింది, మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

కొత్త_అడ్మిన్
అందరికీ నమస్కారం. ఈమధ్యే సిస్టమ్స్ టీమ్‌లోకి వచ్చాను. మాది యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు అకౌంట్లన్నీ ఉంచే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ). వాడకంలో ఉన్న అకౌంట్లన్నీ లిస్టు తీసి ఇమ్మన్నారు. లినక్స్ మెషీన్ నుంచి ఎల్‌డాప్‌సెర్చ్ (డైరెక్టరీలో వెతికే కమాండ్) కొట్టి, లెక్కపెడితే 1000 వచ్చాయి. అంతే ఉన్నాయనుకుని పంపేశాను. మర్నాడు ఒకాయన ఫోన్ చేసి "లిస్టులో నా పేరు లేదేంటండీ" అన్నారు. చూస్తే నిజంగానే లేదు. ఆయన ఐడీ ఒక్కటే ఇచ్చి వెతికితే మాత్రం వస్తోంది. లిస్టులో లేని అకౌంట్లన్నీ డిజేబుల్ చేద్దామని పైవాళ్లు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

పాతసర్వర్
ముందు ఆ డిజేబుల్ పని ఆపించండి. మిగతాది తర్వాత చూద్దాం.

1000 అనేది మీ అకౌంట్ల లెక్క కాదు, సర్వర్ పెట్టిన హద్దు. యాక్టివ్ డైరెక్టరీ ఒక్కసారికి 1000 ఎంట్రీలే ఇస్తుంది, ఆ సెట్టింగ్ పేరు మ్యాక్స్‌పేజ్‌సైజ్. ఓపెన్‌ఎల్‌డాప్ అనే ఇంకో డైరెక్టరీ సర్వర్‌లో ఏమీ మార్చకపోతే హద్దు 500. విండోస్‌లోని డీఎస్‌క్వెరీ కమాండ్ అయితే 100 దగ్గరే ఆగుతుంది, దానికి లిమిట్ 0 ఇవ్వాలి. హద్దు దాటితే "సైజ్ లిమిట్ ఎక్సీడెడ్ (4)" అని ఎర్రర్ వస్తుంది. మీకు కనపడలేదా?

కొత్త_అడ్మిన్
ఎర్రర్లన్నీ డెవ్‌నల్‌కి (అంటే కనపడకుండా పారేసే చోటికి) పంపేశానండి. స్క్రిప్టు శుభ్రంగా ఉంటుందని అలా రాశాను.

పాతసర్వర్
అది తీసేయండి. క్యాపిటల్ ఈ ఆప్షన్‌కి "పీఆర్=500/నోప్రాంప్ట్" ఇవ్వండి. 500 చొప్పున పేజీలుగా మొత్తం తెస్తుంది. నోప్రాంప్ట్ లేకపోతే ప్రతి పేజీకీ ఆగి ఎంటర్ కొట్టమంటుంది. చిన్న జెడ్ ఆప్షన్‌తో హద్దు పెంచొచ్చని కొందరు అంటారు, కానీ సర్వర్ హద్దును అది దాటలేదు.

నైట్‌షిఫ్ట్_రూట్
ఫిల్టర్ కూడా ఒకసారి చూసుకోండి. ఆబ్జెక్ట్‌క్లాస్=యూజర్ అని మాత్రమే ఇస్తే కంప్యూటర్ అకౌంట్లు కూడా వచ్చేస్తాయి, ఎందుకంటే ఆ డైరెక్టరీలో కంప్యూటర్ అనేది యూజర్ కింద పుట్టిన క్లాసే. ఆబ్జెక్ట్‌కేటగిరీ=పర్సన్ కూడా కలపండి.

"వాడకంలో ఉన్నవి" అన్నారు కదా, అక్కడే నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. డిజేబుల్ అయిన అకౌంట్‌కి యూజర్‌అకౌంట్‌కంట్రోల్ (అకౌంట్ స్థితిని చెప్పే అంకె) విలువ 514 ఉంటుందని చదివి, 514 ఉన్నవాటిని తీసేసి మిగతావన్నీ పనిచేస్తున్నట్టే లెక్కేశాను. పాస్‌వర్డ్ ఎప్పటికీ ఎక్స్‌పైర్ కాకుండా పెట్టిన అకౌంట్‌ని డిజేబుల్ చేస్తే ఆ విలువ 66050 అవుతుంది. అంటే 65536, 512, 2 మూడూ కలిపి. అలాంటివన్నీ నా లిస్టులో దర్జాగా కూర్చున్నాయి. మొత్తం విలువ కాకుండా డిజేబుల్‌ని చెప్పే ఆ 2 అనే బిట్‌నే చూడాలి. యూజర్‌అకౌంట్‌కంట్రోల్ తర్వాత :1.2.840.113556.1.4.803:=2 అని రాసి, దాని ముందు ఆశ్చర్యార్థకం పెడితే ఆ బిట్ లేనివే వస్తాయి.

ఆ ఆశ్చర్యార్థకంతో ఇంకో చిక్కుంది. టెర్మినల్‌లో నేరుగా కొట్టేటప్పుడు ఫిల్టర్‌ని డబుల్ కోట్స్‌లో పెడితే బ్యాష్ దాన్ని పాత కమాండ్ కోసం వెతుకులాటగా తీసుకుని "ఈవెంట్ నాట్ ఫౌండ్" అంటుంది. సింగిల్ కోట్స్ వాడండి.

కొత్త_అడ్మిన్
పేజీలు, ఫిల్టర్ రెండూ సరిచేశాను. ఇప్పుడు 2318 వచ్చాయి. కానీ ఇదే ఫిల్టర్‌తో పవర్‌షెల్‌లో గెట్-ఏడీయూజర్ కొడితే 2359. ఈసారి ఎర్రర్ ఏదీ లేదు. 41 మంది ఎక్కడికి పోయారు?

టెర్మినల్_ప్రియ
ఎలా లెక్కపెడుతున్నారు? ఆ గ్రెప్ (లైన్లలో వెతికే కమాండ్) లైను ఉన్నదున్నట్టు చెప్పగలరా?

కొత్త_అడ్మిన్
లైను మొదట్లో "డీఎన్" (ప్రతి ఎంట్రీ పూర్తి పేరు ఉండే లైను), కోలన్, ఆ తర్వాత స్పేస్ ఉన్నవి లెక్కపెడుతున్నాను.

టెర్మినల్_ప్రియ
అదేనండీ. పేరులో ఇంగ్లిష్‌వి కాని అక్షరాలు, ఒత్తు గుర్తున్న యూరప్ అక్షరం ఒక్కటైనా సరే, ఉంటే ఎల్‌డిఫ్‌లో (ఎల్‌డాప్‌సెర్చ్ ఇచ్చే అవుట్‌పుట్ రూపం) ఆ విలువ బేస్64 అనే కోడ్‌లోకి మారిపోతుంది. అప్పుడు ఒక కోలన్ బదులు రెండు కోలన్లు వస్తాయి. రెండో కోలన్ ఉన్నచోట మీరు స్పేస్ కోసం వెతుకుతున్నారు, అందుకే వాళ్లంతా జారిపోయారు. స్పేస్ తీసేసి చూడండి.

నేను మా దగ్గర తెలుగులో ఉన్న డిస్‌ప్లే నేమ్‌లు చూసి మొదట డేటా పాడైపోయిందనుకున్నాను. బేస్64 హైఫన్ డి కొట్టగానే పేరు చక్కగా తెలుగులో వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన ఊరట ఇంకా గుర్తుంది.

పొడుగు లైన్లు విరిగిపోయి కింద లైనులో స్పేస్‌తో మొదలవుతాయి, వాటిలో వెతికినా గ్రెప్‌కి దొరకవు. హైఫన్ ఓ తర్వాత "ఎల్‌డిఫ్-ర్యాప్=నో" ఇస్తే విరగవు.

పాతసర్వర్
ఇంకోమాట. స్క్రిప్టులో పాస్‌వర్డ్‌ని చిన్న డబ్ల్యూతో ఇస్తున్నారేమో చూసుకోండి. పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాములు చూపే కమాండ్) కొట్టిన ఎవరికైనా కనపడొచ్చు. క్యాపిటల్ డబ్ల్యూ అయితే అడిగి తీసుకుంటుంది. స్క్రిప్టుకైతే చిన్న వై ఆప్షన్‌తో ఫైల్ ఇవ్వొచ్చు. కానీ ఆ ఫైల్ చివర కొత్త లైను ఉంటే అది కూడా పాస్‌వర్డ్‌లో భాగమే అయిపోతుంది. సరైన పాస్‌వర్డ్‌కే 49 (పాస్‌వర్డ్ తప్పనే ఎర్రర్), లోపల డేటా 52ఈ అని వస్తే ముందు అది చూడండి. ఎకోకి హైఫన్ ఎన్ పెట్టి ఆ ఫైల్ రాస్తే సరిపోతుంది.

నైట్‌షిఫ్ట్_రూట్
గెటెంట్ పాస్‌డబ్ల్యూడీతో (లినక్స్‌లో యూజర్ల లిస్టు చూపే కమాండ్) సరిచూద్దామనుకుంటే వద్దు. లినక్స్‌ని డైరెక్టరీకి కలిపే ఎస్‌ఎస్‌ఎస్‌డీలో ఎన్యూమరేట్ (అందరినీ లిస్టు చేసే సెట్టింగ్) మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, లోకల్ యూజర్లే కనపడతారు. ఒక్క మనిషి కోసం పేరు ఇచ్చి అడిగితే మాత్రం డైరెక్టరీ నుంచి తెస్తుంది.

కొత్త_అడ్మిన్
స్పేస్ తీసేశాను. 2359! రెండూ కలిశాయి. ఫోన్ చేసినాయన పేరు వెతికి చూసుకున్నాను, ఉంది. పాత లిస్టు తప్పని, ఏ అకౌంటూ ముట్టుకోవద్దని పైవాళ్లకి మెయిల్ పెట్టాను. కొత్త లిస్టుతో పాటు చివరి లాగిన్ తేదీ కూడా అడుగుతున్నారు. లాస్ట్‌లాగాన్ తీసుకోవచ్చా?

పాతసర్వర్
అది ఒక డొమైన్ కంట్రోలర్ (డైరెక్టరీని నడిపే సర్వర్) నుంచి ఇంకోదానికి వెళ్లదు. మీరు ఏ సర్వర్‌ని అడిగితే దానికి తెలిసిందే చెబుతుంది. లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్ తీసుకోండి. అది అన్నిటికీ చేరుతుంది, కాకపోతే మామూలుగా 14 రోజుల వరకు వెనకబడి ఉండొచ్చు. కాబట్టి రెండు వారాలుగా లాగిన్ కాలేదని ఎవరినీ డిజేబుల్ చేయొద్దు, కనీసం మూడు నెలలు చూడండి. విలువ పెద్ద అంకెలా కనపడుతుంది, 1601 జనవరి 1 నుంచి 100 నానోసెకన్ల లెక్క అది. కోటితో భాగించి 11644473600 తీసేస్తే యూనిక్స్ టైమ్ (1970 జనవరి 1 నుంచి సెకన్ల లెక్క) వస్తుంది.