రోజుకో కంఠత వాక్యం: అలవాటా, అప్పజెప్పుడా?

నాగర్‌కర్నూల్ నాన్న:
అందరికీ వందనాలు. మా చర్చి సంఘంలో ఈ ఏడాది కొత్త నియమం పెట్టారు. ఇంటిల్లిపాదీ రోజుకో బైబిలు వాక్యం కంఠతం చేయాలి, ఆదివారం ఆరాధన అయ్యాక ఏడూ అప్పజెప్పాలి. రానివాళ్లు లేచి నిలబడాలి. పోయిన వారం మా వెనక వరుసలో అరవై దాటిన ఒక పెద్దాయన నిలబడ్డాడు. పొద్దంతా పత్తి ఏరి వచ్చే మనిషి. ఈ వారం ఆయన చర్చికి రాలేదు. వాక్యం నేర్చుకోవద్దని నేను అనడం లేదు. ఇట్లా లెక్కపెట్టి నేర్పితే రోజూ చేసే అలవాటు అవుతుందా, ఆదివారం టెన్షన్ అవుతుందా?

మిర్యాలగూడ బ్రదర్:
నిలబెట్టడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ నియమం లేకపోతే మన దగ్గర ఏదీ నిలవదు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం చూడండి: ఇంట కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు ఈ మాటల గురించే మాట్లాడమంది. అంటే రోజూ అనే కదా? మాకు ఎక్కాలు సార్లు బెత్తం పట్టుకునే నేర్పారు. పదిహేనో ఎక్కం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పొద్దున వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన వాక్యం సాయంత్రం అడిగితే ఎంతమంది చెప్తారు?

గద్వాల పోరడు:
ఎక్కం వచ్చినంత మాత్రాన లెక్క నిజాయితీగా చేస్తాడా అన్నా? మా దగ్గర ఒకాయనకు వంద వాక్యాలు నోటికి వచ్చు. పొలం గట్టు కాడ తమ్మునితో తగాదా పడి ఏండ్లుగా మాటల్లేవు. యాకోబు 1:22 కూడా తడుముకోకుండా చెప్తాడు. వినేవాళ్లుగా మాత్రమే ఉండి మోసపోకండి, వాక్యప్రకారం నడవండి అనేది అదే కదా.

దేవరకొండ టీచర్:
సండే స్కూల్లో చాలా ఏళ్లుగా చెప్తున్నాను, నా అనుభవం రాస్తాను. ఒక బాబు 23వ కీర్తన గడగడా చెప్పి మొదటి బహుమతి తీసుకున్నాడు. "నాకు లేమి కలుగదు అంటే ఏంది నాన్నా?" అని అడిగాను. "నాకు ఏమీ కలగదు అని టీచర్" అన్నాడు. యెహోవా కాపరిగా ఉన్నాడు, వాడికి మాత్రం ఏమీ దక్కదు! తప్పు వాడిది కాదు. మన బైబిలు భాష గ్రాంథికం, వాడు చదివేది ఇంగ్లిష్ మీడియం. అర్థం చెప్పకుండా బహుమతి చేతిలో పెట్టినదాన్ని నేనే.

ఇంకొక మాట. రోజుకో వాక్యం అంటే ఎక్కడిదో ఒక ముక్క తెచ్చి నోట్లో పెట్టడమే అవుతోంది. మత్తయి 4లో యేసును శోధిస్తూ సాతాను కూడా వాక్యం చెప్పాడు, దూతలు కాపాడతారనే 91వ కీర్తన నుంచి. కానీ "నీ మార్గములన్నిటిలో" అనే మాట వదిలేసి చెప్పాడు. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండము నుంచే జవాబిచ్చాడు, 6, 8 అధ్యాయాల నుంచి. ఆ భాగమంతా ఆయనలో ఉంది కాబట్టి ఏ మాట ఎక్కడ పనికొస్తుందో తెలిసింది. మనమేమో యిర్మీయా 29:11ని, దేవుని ఉద్దేశాలు సమాధానానికే గాని హానికి కావనే మాటని, కొత్త ఏడాదికి చర్చిలో తీసుకునే వాగ్దానం కార్డు మీద చదువుకుంటాం. దాని పైన 10వ వచనంలో బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. ఆ కార్డు ఎవరికీ రాదు.

పాలమూరు బిడ్డ:
మా అవ్వకు అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు వాళ్ల ఊరికి జడ్చర్ల మిషన్ నుంచి ఒక బైబిలు స్త్రీ, ఊరూరూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే ఆమె, నడిచి వచ్చేదట. కలుపు తీసేకాడ కూర్చొని ఒక మాట తను చెప్పి, వీళ్లతో చెప్పించేది. ఒక వానకాలమంతా ఒకటే కీర్తన, 121. తర్వాత అవ్వ మేస్త్రీ వెంట డ్యాం పనులకు వలస పోయింది. అక్కడ చర్చి లేదు, బైబిలు ఉన్నా చదివేవాళ్లు లేరు. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అని చెప్పుకుంటూ రాళ్లు మోసిందట. "ఆ కొండలను పగలగొట్టుడే మా పని బిడ్డా" అని నవ్వేది. రోజూ కొత్త వాక్యం ఆమెకు లేదు. రోజూ ఉన్నది పాతదే.

మిర్యాలగూడ బ్రదర్:
అవ్వ సంగతి బాగుంది సిస్టర్. కానీ ఒక వానకాలానికి ఒక కీర్తన అంటే మా యూత్ వాళ్లు వినరు. పోటీ ఉంటేనే కదులుతారు.

దేవరకొండ టీచర్:
పోటీ అయిపోయిన తెల్లారి అడగండి బ్రదర్. రోజుకొకటి అంటే ఏడాదికి 365. పాతవి తిప్పి చెప్పుకోకుంటే అందులో ఎన్ని మిగులుతాయి? ఈసారి 119వ కీర్తన తీసుకున్నాం. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. హీబ్రూలో ఒక్కో భాగంలో ఎనిమిది వచనాలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. మన బైబిల్లో ఆలెఫ్, బేత్ అని ఆ అక్షరాల పేర్లు పైన వేసేది అందుకే. శతకంలో మకుటంలాగా నోటికి పట్టు దొరకాలని కావచ్చు. తెలుగులోకి వచ్చేసరికి ఆ పట్టు పోయింది కాబట్టి మేం రాగం కట్టుకున్నాం. వారానికి ఒక భాగం. కొత్తది రోజుకు ఒకటి రెండు వచనాలే, ముందు పాత భాగం చెప్పుకున్నాకే. రాని పిల్లలు పక్కవాళ్లతో కలిపి పాడతారు. ఎవరినీ నిలబెట్టం.

గద్వాల పోరడు:
ఇది ఓకే టీచర్. గట్టు తగాదా మాత్రం మిగిలే ఉంది.

నాగర్‌కర్నూల్ నాన్న:
రాగం మాట శనివారం కమిటీలో పెడతాను. దానికన్నా ముందు ఆ పెద్దాయన ఇంటికి పోవాలి. అప్పజెప్పమని కాదు, ఆయనకు వచ్చిన కీర్తన ఏదైనా ఉంటే వినడానికి. టీచర్ గారూ, 119లో మీరు ఎక్కడ మొదలుపెట్టారు, ఆలెఫ్ నుంచేనా?

దేవరకొండ టీచర్:
కాదు, నూన్ నుంచి, 105వ వచనం. "నీ వాక్యము నా పాదములకు దీపమును" పిల్లలకు ముందే వచ్చు. ఆ వారం ఏడే నేర్చుకోవాలి.