గ్రూపు సంఖ్యను మనమే ఇవ్వాలా, యంత్రానికే వదిలేయాలా?

కాలువగట్టు (భీమవరం):
మా రొయ్యల చెరువుల నీటి పరీక్షా కేంద్రంలో మూడు లినక్స్ యంత్రాలున్నాయి. ఫైళ్లన్నీ ఒకదానిలో ఉంటాయి, మిగిలిన రెండూ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా వాటిని వాడుకుంటాయి. పరీక్షలు చేసేవారికి ‘చెరువు’, బిల్లులు చూసేవారికి ‘లెక్కలు’ అనే గ్రూపులు పెట్టాలి. గ్రూప్‌యాడ్ ఆదేశానికి పేరొక్కటే ఇస్తే చాలునని ఒకరు, సంఖ్య కూడా మనమే ఇవ్వాలని మరొకరు అంటున్నారు. పెద్దలు చెప్పగలరు.

లంకవాసి (కోనసీమ):
సంఖ్యను తప్పకుండా మీరే ఇవ్వండి. పేరొక్కటే ఇస్తే గ్రూప్‌యాడ్ సాధారణంగా 1000 నుంచి మొదలయ్యే వరుసలో, అప్పటికే ఉన్నవాటికి తర్వాతి సంఖ్యను తీసుకుంటుంది. ఒక యంత్రంలో ‘చెరువు’ను, మరొకదానిలో ‘లెక్కలు’ను ముందుగా సృష్టిస్తే, 1003 అనే సంఖ్య ఒకచోట పరీక్షలవారిది, వేరొకచోట బిల్లులవారిది అవుతుంది. ఫైలు మీద నమోదయ్యేది పేరు కాదు, సంఖ్యే కాబట్టి, ఏ హెచ్చరికా లేకుండా ఒకరి ఫైళ్లు మరొకరికి తెరుచుకుంటాయి. చిన్న అక్షరం ‘జి’ ఐచ్ఛికంతో మూడు యంత్రాల్లోనూ ‘చెరువు’కు 3001, ‘లెక్కలు’కు 3002 ఇస్తే ఈ చిక్కు రాదు.

గౌతమితీరం (రాజమహేంద్రవరం):
లంకవాసిగారితో ఏకీభవించలేను. చేత్తో ఇచ్చే సంఖ్యలకు ఎక్కడో ఒక చిట్టా రాసిపెట్టుకోవాలి, ఆ చిట్టా రాసినవారు ఉద్యోగం మానేస్తే అది ఎవరికీ దొరకదు. పైగా ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్‌లో సంఖ్యలకు బదులు పేర్లు పంపే ఏర్పాటు ఉంది. యంత్రాలు పెరిగేకొద్దీ మనుషులనూ గ్రూపులనూ ఒకేచోట నమోదు చేసే ఎల్‌డాప్ వంటి కేంద్ర జాబితాయే సరైన దారి.

లంకవాసి:
పేర్లు పంపే ఏర్పాటు ఉన్నమాట నిజమే. అయితే అది ఫైలు యజమాని ఎవరో చూపడానికీ మార్చడానికీ పనికొస్తుంది. మామూలుగా వాడే ఆథ్-సిస్ పద్ధతిలో, అడుగుతున్నది ఎవరో సర్వరుకు తెలిపేది అప్పటికీ సంఖ్యలే. అనుమతి ఇవ్వడమా మానడమా అన్నది వాటిని బట్టే తేలుతుంది. అదే పద్ధతిలో ఒక వ్యక్తికి 16 అదనపు గ్రూపులకు మించి సర్వరుకు చేరవు, కనుక ప్రతి చెరువుకూ ఒక గ్రూపు పెట్టాలన్న ఉత్సాహం వద్దు. ఎల్‌డాప్ మంచిదే, కానీ మూడు యంత్రాల కోసం దాన్ని నిలబెట్టి కాపాడుకోవడం నా దృష్టిలో అనవసరపు బరువు. చిట్టా మాటకొస్తే, మూడు యంత్రాల్లోనూ నడిపే ఒకే స్క్రిప్టులో ఆ ఆదేశాలు రాసి ఉంచితే అదే చిట్టా అవుతుంది.

గౌతమితీరం:
ఆథ్-సిస్ సంగతి ఒప్పుకుంటున్నాను. అడుగుతున్నది ఎవరో రుజువు చేయించే కెర్బెరోస్ పద్ధతి పెట్టుకోనంతవరకు మీ మాటే చెల్లుతుంది. ఎల్‌డాప్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు, మూడు యంత్రాలు ఆరు కావడానికి ఎంతో కాలం పట్టదు.

కాలువగట్టు:
ఒక యంత్రంలో ‘చెరువు’ ఇప్పటికే 1003గా ఉంది. ఇప్పుడు మార్చవచ్చా?

లంకవాసి:
గ్రూప్‌మాడ్ ఆదేశంతో 3001కి మార్చవచ్చు, కానీ ఫైళ్ల మీద పాత 1003 అలాగే మిగిలిపోతుంది. ఫైళ్లున్న యంత్రంలో, ఎవరూ పని చేయని వేళ, ఫైండ్ ఆదేశంతో 1003 ఉన్నవాటిని వెతికి, ఫైలు గ్రూపును మార్చే సీహెచ్‌గ్రూప్ ఆదేశంతో 3001కి మార్చండి. ముందుగా అక్కడ 1003 ఏ గ్రూపుదో చూసుకోండి, లేకపోతే బిల్లుల ఫైళ్లు కూడా ‘చెరువు’కు పోతాయి. మనుషులను గ్రూపులో చేర్చేటప్పుడు యూజర్‌మాడ్ ఆదేశానికి పెద్ద అక్షరం ‘జి’తో పాటు చిన్న అక్షరం ‘ఎ’ కూడా ఇవ్వాలి, అది మరిచిపోతే ఆ వ్యక్తి మిగతా అదనపు గ్రూపులన్నిటి నుంచీ తొలగిపోతారు. చేర్చిన తర్వాత వారు ఒకసారి లాగౌటై మళ్లీ లోపలికి వస్తేనే కొత్త గ్రూపు అమలవుతుంది.