పాతికేళ్ల కాపురం వదిలి కొత్త ప్రేమ కోసం వెళ్లడం తప్పా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు, పెళ్లయి 24. మా ఆయన చెడ్డవాడు కాదు. కానీ పిల్లలు చదువులకి వెళ్లిపోయాక మా మధ్య "బిల్లు కట్టావా", "తలుపు వేశావా" తప్ప మాటల్లేవు. ఎనిమిది నెలలుగా ఒకాయనతో పరిచయం. ఆయన మెసేజ్ వస్తే చాలు, ఒళ్లంతా తేలికైపోతుంది. ఈ ఇల్లు వదిలి ఆయన దగ్గరికి వెళ్లిపోవడం తప్పా?

జవాబు 1: తప్పే. ఆయన కొట్టాడా, తిట్టాడా? మాటల్లేకపోతే మీరే మొదలుపెట్టండి. ఎదిగిన పిల్లలకి ఏం చెబుతారు?

జవాబు 2: పై మాట నేను ఒప్పుకోను. కొట్టకపోవడం ఒక్కటే మంచి కాపురానికి కొలత కాదు. 48 ఏళ్లకే అంతా అయిపోయిందని సరిపెట్టుకోమనడం అన్యాయం. అమెరికాలో 1990 నుంచి 2010 మధ్య యాభై దాటినవాళ్ల విడాకుల రేటు రెట్టింపయింది. వాళ్లంతా బుద్ధి లేనివాళ్లేం కాదు. అయితే ఆ వయసులో విడిపోతే ఆడవాళ్ల జీవన ప్రమాణమే ఎక్కువ పడిపోతోందని కూడా అక్కడి పరిశోధనల్లో తేలింది. డబ్బు లెక్క ముందే వేసుకోండి.

కానీ అమ్మా, మీరు రెండు ప్రశ్నల్ని కలిపేశారు. ఈ ఇంట్లో ఉండగలనా అన్నది ఒకటి, ఆయన దగ్గరికి వెళ్లాలా అన్నది ఇంకొకటి. ఆ ఒళ్లు తేలికవడం ఉందే, అలాంటి మైకానికి డొరోతీ టెనోవ్ అనే సైకాలజిస్టు లిమరెన్స్ అని పేరు పెట్టి, 1979లో దాని మీద పుస్తకం రాశారు. మామూలుగా అది ఏడాదిన్నర నుంచి మూడేళ్లు ఉంటుందని ఆమె అంచనా. మీకు ఎనిమిది నెలలే అయింది. ఆయనే లేకపోయినా ఈ ఇంట్లోంచి బయటికి వస్తారా? వస్తానంటే మీ ఆయనకి ఇవాళే చెప్పండి.

నేను అవతలి వైపు ఉన్నదాన్ని. 27 ఏళ్ల తర్వాత మా ఆయన వెళ్లిపోయారు. దాన్ని ఎలాగో దిగమింగుకున్నాను. కానీ వెళ్లాలని ఏడాది ముందే నిర్ణయించుకున్న మనిషి, హాల్లో కర్టెన్లకి ఏ రంగు బాగుంటుందని నాతో కూర్చుని గంటసేపు చూశారు. నీలం వద్దు, గది చీకటవుతుంది అన్నారు. ఆ ఏడాదిలో ఏది నిజమో, ఏది నటనో నాకిప్పటికీ తేలదు.

జవాబు 3: చెప్పడం అంత తేలికా అండీ? నేను 52 ఏళ్లప్పుడు ఇల్లు వదిలాను. అంతకుముందు రెండుసార్లు మా ఆవిడతో, ఒంటరిగా అనిపిస్తోందని చెప్పాను. పది రోజులు బాగుండేది, మళ్లీ మామూలే. ఇంకో మనిషి తోడు దొరక్కపోతే నాకు ధైర్యం వచ్చేదే కాదు. తొమ్మిదేళ్లయింది, ఆమెతో హాయిగా ఉన్నాను. అందరి ప్రేమా మూడేళ్లకి చల్లారదు.

జవాబు 2 రాసినామె మళ్లీ: చల్లారదు, నిజమే. ఒంటరిగా ఉందని చెప్పానన్నారు. ఇంకొకరు ఉన్నారని చెప్పారా?

జవాబు 3 రాసినాయన: లేదు. నేను వెళ్లిన ఆర్నెల్లకి మా అబ్బాయి చెబితే ఆవిడకి తెలిసింది. వెళ్లినందుకు నాకు బాధ లేదు. వాడి నోట ఆ మాట చెప్పించినందుకు ఉంది.