టీనేజ్ ఆడపిల్లల కూడికలో బైబిల్ వాక్యంతో పాటు ఇంకేం చేయించవచ్చు?

కొత్తగా బాధ్యత తీసుకున్న అక్క:

అందరికీ వందనాలు. మా సంఘంలో 13 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లల కూడికను చూసుకోమని పాస్టర్ గారు నాకు అప్పగించారు. వారానికి ఒకసారి గంటన్నర టైమ్ ఉంటుంది. పిల్లలు వస్తారు, పాటలు పాడతారు, వాక్యం వింటారు. ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా అని అడిగితే అందరిదీ ఒకటే మాట, "పరీక్షల కోసం అక్కా." అంతే, ఇంకేమీ రాదు. అదే పిల్లలు కూడిక అయ్యాక బయట ఇద్దరిద్దరుగా నిలబడి ఎంతసేపైనా మాట్లాడుకుంటారు. వాళ్లకు చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయని నాకు అర్థమవుతూనే ఉంది.

చేతిపనులు, నాటికలు, రాయడం లాంటివి పెడదామని ఉంది. నాకు బొమ్మలు వేయడం రాదు. పెద్ద ఖర్చు లేకుండా చేయించగలిగేవి చెప్పండి. ఇంకో టెన్షన్ కూడా ఉంది. నిజంగానే ఎవరైనా మనసు విప్పి పెద్ద విషయం చెబితే అప్పుడు నేనేం చేయాలి?

సండేస్కూల్ టీచర్:

వందనాలు చెల్లీ. బొమ్మలు రాకపోయినా ఏం ఫరవాలేదు. ఆడపిల్లలు ఎదురెదురుగా కూర్చుని, అందరి కళ్లూ తమ మీదే ఉన్నప్పుడు నోరు విప్పరు. చేతుల్లో పని ఉండి, తల దించుకుని కూర్చున్నప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. కాబట్టి ఏ పని ఎంచుకున్నా ఒకటి చూసుకోండి, అది చేస్తూ మాట్లాడుకోవడానికి వీలుండాలి. గెలుపు ఓటములు ఉండే ఆటలు, టైమ్ పెట్టి పరుగులు తీయించేవి ఇందుకు పనికిరావు.

నన్నడిగితే ముందు నోటుపుస్తకం కుట్టించండి. కొని ఇవ్వొద్దు, కుట్టించండి. నాలుగైదు తెల్ల కాగితాలు కలిపి సగానికి మడవాలి. పైన కాస్త మందంగా ఉన్న కాగితం అట్టలా పెట్టాలి. మడత మీద మూడు బెజ్జాలు వేయాలి. సరిగ్గా మధ్యలో ఒకటి, పై అంచుకూ కింది అంచుకూ రెండు వేళ్ల దూరంలో ఒక్కొక్కటి. దారం పుస్తకం ఎత్తుకు మూడింతలు తీసుకుంటే సరిపోతుంది. సూదిని లోపలి వైపు నుంచి మధ్య బెజ్జంలో దూర్చి బయటికి తీయాలి, దారం కొస వేలెడంత లోపలే వదిలేయాలి. బయట నుంచి పై బెజ్జంలోకి వెళ్లి లోపలికి రావాలి. లోపల మధ్య బెజ్జాన్ని దాటించి, తిన్నగా కింది బెజ్జంలోంచి బయటికి తీయాలి. చివరగా బయట నుంచి మళ్లీ మధ్య బెజ్జంలోకి. అప్పుడు రెండు కొసలూ లోపలే ఉంటాయి. పొడుగ్గా సాగిన దారానికి ఒక కొస అటూ ఒక కొస ఇటూ వచ్చేలా సర్ది, గట్టిగా లాగి ముడి వేస్తే పుస్తకం కదలదు.

ఈ కుట్టు ఎవరైనా పావుగంటలో నేర్చుకుంటారు. తొందరగా వచ్చినవాళ్లు పక్కవాళ్లకు చూపిస్తారు. మీరు కూడా వాళ్ల మధ్యే కూర్చుని ఒకటి కుట్టుకోండి, నిలబడి అజమాయిషీ చేయకండి.

ఆ పుస్తకానికి ఒకే ఒక్క నియమం పెట్టండి. అందులో ఏం రాసుకున్నా ఎవరూ చదవరు, మీతో సహా. ఇంట్లో భద్రంగా దాచుకునే వీలు లేనివాళ్లు కూడిక జరిగే గదిలోనే తాళం ఉన్న పెట్టెలో పెట్టి వెళ్లొచ్చు. ఈ ఏర్పాటు తప్పనిసరిగా చేయండి. ఇంట్లో ఎవరైనా చదువుతారేమో అన్న భయం ఉన్న పిల్ల అందులో వచనాలు తప్ప ఏమీ రాయదు.

కాలేజీ చదువుతున్న అమ్మాయి:

ఇలాంటి కూడికలోనే పెరిగాను కాబట్టి పిల్లల వైపు నుంచి చెబుతాను. వరసగా ఒక్కొక్కరూ లేచి మనసులో మాట చెప్పమనడం మాకు అస్సలు నచ్చేది కాదు. నా వంతు వచ్చేలోపు ఏం చెప్పాలా అని ఆలోచించుకోవడమే సరిపోయేది, పక్కవాళ్లు చెప్పింది వినబడేది కాదు. అలాగే ప్రతిసారీ అందం గురించి, వస్త్రధారణ గురించి కార్డులు చేయించేవారు. ఆడపిల్లలంటే ఇవి తప్ప వేరే సంగతి లేదా అనిపించేది.

బాగా నచ్చింది ప్రశ్నల కుర్చీ. ఒకరు బైబిల్లోని ఒక స్త్రీగా కుర్చీలో కూర్చుంటారు, మిగతావాళ్లు ప్రశ్నలు అడుగుతారు. కూర్చున్న అమ్మాయి ఆ మనిషిగానే జవాబు చెప్పాలి. ఎస్తేరు, రూతు ఎలాగూ అందరికీ గుర్తొస్తారు. కానీ బాగా నడిచేది పెద్దగా ఎవరూ పట్టించుకోని పాత్రలతోనే. రెండవ రాజులు 5లో కుష్ఠురోగం ఉన్న సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో పనిచేసే చిన్నపిల్ల ఉంది కదా. సిరియా సైనికులు ఇశ్రాయేలు నుంచి చెరపట్టి తెచ్చిన పిల్ల. పేరు కూడా రాయలేదు, ఒకే ఒక్క మాట మాట్లాడుతుంది, సమరయలోని ప్రవక్త దగ్గరికి వెళ్తే యజమాని బాగవుతాడని. "నిన్ను ఎత్తుకొచ్చిన ఇంటి యజమానికి మేలు జరగాలని ఎందుకు కోరుకున్నావు? నీకు కోపం రాలేదా? మీ అమ్మ గుర్తొచ్చేదా? ఆయన బాగై వచ్చాక నిన్ను ఇంటికి పంపారా?" ఇలా అడుగుతుంటే కుర్చీలో ఉన్న అమ్మాయి తన సంగతులే చెప్పేస్తుంది, కానీ ఆ పిల్ల పేరు చాటున. ఆ చాటు చాలా అవసరం అక్కా. "ఇది నీ గురించేనా?" అని తర్వాత అడగొద్దు.

కొన్ని ప్రశ్నలకు బైబిల్లో జవాబు లేదు. దాన్ని మొదటే చెప్పేయండి. రాసి ఉన్నది ఎంతవరకు, మనం ఊహించింది ఎంతవరకు అని చివర్లో అందరూ కలిసి అధ్యాయం తెరిచి చూసుకోవాలి. నిజం చెప్పాలంటే నేను ఆ వయసులో వాక్యాన్ని అంత శ్రద్ధగా చదివింది అప్పుడే.

పాస్టరమ్మ:

అమ్మా, మీ రెండో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ఏ పని మొదలుపెట్టకముందే ఇది తేల్చుకోవాలి.

ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. "అక్కా, ఎవరితో చెప్పనంటేనే చెబుతా" అని ఏదో ఒకరోజు ఎవరో ఒకరు అంటారు. అప్పుడు ఇలా అనండి: "నువ్వు చెప్పింది ఊరికే ఎవరి దగ్గరా మాట్లాడను. కానీ నిన్నెవరైనా బాధపెడుతున్నా, నీకు నువ్వే హాని చేసుకోవాలనిపిస్తున్నా, నిన్ను కాపాడగలిగేవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెబుతానో ముందు నీకే చెబుతాను." ఈ సంగతి మొదటి వారమే అందరి ముందూ చెప్పేస్తే ఆ తర్వాత మాట తప్పినట్టు అవదు. పుస్తకాలు ఎవరూ చదవరన్న నియమంతో పాటే దీన్నీ చెప్పండి.

పిల్ల చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపి వచనం చెప్పొద్దు, గుచ్చి గుచ్చి అడగొద్దు, "అలా ఎందుకు వెళ్లావు?" అని అసలు అనొద్దు. "చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పు లేదు" అనండి. తను వాడిన మాటల్లోనే, తేదీ వేసి, అదే రోజు రాసి పెట్టుకోండి. లైంగిక వేధింపు, కొట్టడం లాంటివైతే సంఘంలోనే సర్దుకుందాం అనే ఆలోచనే వద్దు. మీరున్న చోట చట్టం ఎవరికి తెలియజేయమంటుందో ఇప్పుడే తెలుసుకుని, ఆ నంబరు దగ్గర పెట్టుకోండి. ఆరోపణ ఎవరి మీద వచ్చిందో వాళ్లకు ముందే తెలియనివ్వకండి. ఆ మనిషి సంఘంలో ఎంత పెద్దవారైనా సరే, క్షమించేయమని పిల్లను బలవంతపెట్టడం రెండో గాయం అవుతుంది.

కూడికలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఒక పిల్లతో విడిగా మాట్లాడాల్సి వస్తే తలుపు తీసి ఉన్న చోట, ఎవరికైనా కనబడేలా కూర్చోండి. పిల్లలు చేసినవాటి ఫొటోలు పెట్టాలనిపిస్తుంది. చేతులు, వస్తువులు మాత్రమే తీయండి, ముఖాలు వద్దు.

ఇక ప్రశ్నల పెట్టె. అందరూ వాడతారు, కానీ సరిగా పెట్టకపోతే ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ప్రశ్న ఉన్నవాళ్లే రాయండి అంటే ఎవరూ కలం పట్టరు. అందరికీ ఒకే రకం చీటీ, ఒకే రంగు కలం ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్లు ఈ వారం తిన్నదేదో, చూసిందేదో రాసి వేయాలి. అప్పుడు అందరూ రాస్తూనే కనబడతారు, ఎవరి ప్రశ్న ఏదో తెలియదు. అక్కడికక్కడే తెరిచి చదవకండి. ఇంటికి తీసుకెళ్లి, చూసి, వచ్చే వారం జవాబు చెప్పండి. నెలసరి గురించి, ప్రేమ గురించి, దేవుడు నిజంగా ఉన్నాడా అన్నదాని గురించి కూడా వస్తాయి. దేన్నీ దాటేయొద్దు. ఒక్క ప్రశ్న దాటేసినా అది రాసిన పిల్ల మళ్లీ రాయదు.

సంఘ పెద్ద ఒకరు:

అందరూ బాగానే చెబుతున్నారు. నా సందేహం ఒకటి. ఉన్నదే గంటన్నర. కుట్లు, కుర్చీలు, చీటీలు అంటూ పోతే వాక్యానికి టైమ్ ఎక్కడిది? పిల్లలు సరదా కోసమే రావడం మొదలుపెడితే ఎలా?

సండేస్కూల్ టీచర్:

అన్నయ్యా, మంచి ప్రశ్న. వాక్యాన్ని పక్కనపెట్టి చేసేదైతే నేను కూడా వద్దనే అంటాను. అప్పుడప్పుడూ అలా జరగడం చూశాను, ఏదో వచనం అట్టమీద అతికించి దాన్ని బైబిల్ స్టడీ అనుకోవడం. నేను చెప్పేది వాక్యంలో ఉన్న పనినే చేయించడం.

సంఖ్యాకాండము 27 చూడండి. సెలోపెహాదుకు కొడుకులు లేరు. అతని ఐదుగురు కూతుళ్లు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర మోషే ముందు, యాజకుడి ముందు, సమాజమంతటి ముందు నిలబడి, మా తండ్రి స్వాస్థ్యంలో, అంటే వారసత్వంగా వచ్చే భూమిలో, మాకూ భాగం కావాలని అడిగారు. మోషే ఆ సంగతి దేవుని సన్నిధికి తీసుకెళ్తే, వాళ్లు చెప్పింది యుక్తమే అని జవాబు వచ్చింది. అంతటితో అయిపోలేదు. యెహోషువ 17కు వస్తే వాళ్లు మళ్లీ వచ్చి, ఇచ్చిన మాటను గుర్తుచేసి, అప్పుడు భూమి తీసుకున్నారు. రెండోసారి అడగాల్సి వచ్చిందన్న సంగతి పిల్లలకు తప్పకుండా చూపించాలి.

ఇది చదివాక పిల్లలతో ఒక విన్నపం రాయించవచ్చు. సంఘంలో నిజంగా మారాల్సింది ఏదైనా వాళ్లే ఎంచుకోవాలి. ఆరాధనలో వాక్యపఠనం తమకూ ఇవ్వమనో, బాత్రూమ్ తలుపుకు గడియ పెట్టించమనో, ఏదైనా. ఏం కావాలి, ఎందుకు కావాలి, తాము ఏం చేయగలరు అన్న మూడూ అందులో ఉండాలి. తర్వాత మీలాంటి పెద్దల ముందు నిలబడి చదవాలి. పెద్దలు నిజంగా విని, అవునో కాదో కారణంతో చెప్పాలి. నాటకంలా విని చప్పట్లు కొట్టి పంపేస్తే మాత్రం చేయించకపోవడమే మంచిది. మీరు ఒప్పుకుంటే ఈ చెల్లెలి సంఘంలో కాకపోయినా మీ సంఘంలో మొదలుపెట్టండి.

సంఘ పెద్ద ఒకరు:

సరేనమ్మా. ఆ గడియ సంగతి మా దగ్గర కూడా ఉంది. వచ్చే పెద్దల మీటింగ్‌లో మాట్లాడతాను.

కొత్తగా బాధ్యత తీసుకున్న అక్క:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. 13 ఏళ్ల పిల్లలూ 18 ఏళ్ల పిల్లలూ ఒకే గదిలో ఉంటే పెద్దవాళ్లకు బోర్ కొడుతోంది. ఇంకొకటి, మాలో ఒక పాపకు అమ్మ లేదు. అమ్మకు ఉత్తరం రాయించడం, తల్లీకూతుళ్ల కూడిక లాంటివి పెట్టాలంటే సంకోచంగా ఉంది.

పాస్టరమ్మ:

పెద్ద పిల్లలకు ఒక నిజమైన బాధ్యత ఇవ్వండి, బోర్ అనే మాటే రాదు. సంఘంలోని వృద్ధ స్త్రీల సాక్ష్యాలు, అంటే తమ జీవితం గురించి, విశ్వాసం గురించి వాళ్లు చెప్పే అనుభవాలు, సేకరించమనండి. తీతు 2లో పెద్ద స్త్రీలు చిన్నవారికి నేర్పాలని ఉంది కదా, ఇక్కడ చిన్నవాళ్లే వెళ్లి అడుగుతారు. ఒక పెద్ద పిల్ల, ఒక చిన్న పిల్ల జతగా వెళ్లాలి. పెద్దది అడుగుతుంది, చిన్నది ఫోన్‌లో రికార్డు చేస్తుంది. అడిగేది కూడా "దేవుడు మీకు చేసిన మేలు చెప్పండి" అని కాకుండా, "నా వయసులో మీరు దేనికి ఎక్కువ భయపడేవారు? ప్రార్థించినా జరగనిది ఏదైనా ఉందా?" అని అడగాలి. అప్పుడు వచ్చే సాక్ష్యం వేరు. విన్నది రాసి, చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే అందరికీ చూపించాలి.

ఆ పాప విషయంలో మీరు సంకోచిస్తున్నది సరైనదే. అమ్మకు ఉత్తరం అనకుండా, నిన్ను పెంచినవారిలో ఒకరికి అనండి. అమ్మ ఉన్నా అమ్మతో మాటలు లేని పిల్ల కూడా అక్కడే కూర్చుని ఉండొచ్చు. తల్లీకూతుళ్ల కూడిక బదులు, ప్రతి పిల్లా తనకిష్టమైన ఒక పెద్ద స్త్రీని పిలుచుకు రమ్మంటే చాలు. ఆ పాపను ముందే విడిగా పిలిచి, నీకోసం మార్చాం అని మాత్రం చెప్పకండి.

కాలేజీ చదువుతున్న అమ్మాయి:

ఇంకొకటి మర్చిపోయాను. కీర్తన 13. ఆరు వచనాలే. మొదటి రెండు వచనాల్లో ఎంతకాలం, ఎంతకాలం అన్న ఫిర్యాదు. తర్వాతి రెండింట్లో కీర్తనకారుడు తనకేం కావాలో దేవుణ్ణి అడుగుతాడు. చివరి రెండింట్లో నమ్మకం, పాట. ఈ మూడు భాగాలతోనే పిల్లలు తమ సొంత కీర్తన ఆ నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. కవిత్వం రానక్కర్లేదు. మూడో భాగం రాయలేకపోయినవాళ్లను వదిలేయండి, ఆ పేజీ ఖాళీగానే ఉండనివ్వండి. నమ్మకం లేకపోయినా ఉన్నట్టు రాయమంటే పిల్లలు అబద్ధం రాస్తారు.

కొత్తగా బాధ్యత తీసుకున్న అక్క:

ఇది మనసుకు పట్టింది. వీటిలో ఏది ముందు, ఏది తర్వాత?

సండేస్కూల్ టీచర్:

పాస్టరమ్మ గారు చెప్పిన నియమాలు, ప్రశ్నల పెట్టె మొదటి రోజే. మొదటి రెండు వారాలూ పుస్తకం కుట్టుకోవడమే, ఒకటి కుట్టడం, ఒకటి అట్ట అలంకరించుకోవడం. మూడో వారం కీర్తన. ఆ తర్వాత ప్రశ్నల కుర్చీ, ఎందుకంటే అందరి ముందు కూర్చోవాలంటే కాస్త చనువు రావాలి. సాక్ష్యాలు సెలవుల్లో పెట్టుకోండి, పరీక్షల ముందు వద్దు. విన్నపం అన్నిటికంటే ఆఖరున. పెద్దలు ఏ రోజు వింటారో తేదీ ఖాయం చేసుకున్నాకే పిల్లలకు చెప్పండి.

సూదులు పెద్ద కన్ను ఉన్నవి తీసుకోండి. దారం ఎంబ్రాయిడరీది అయితే రంగులు వాళ్లే ఎంచుకుంటారు. మొదటిసారికి బెజ్జాలు మీరే ఇంటి దగ్గర పొడిచి తీసుకెళ్లండి, లేకపోతే టైమంతా దానికే పోతుంది.