"డామ్ విత్ ఫెయింట్ ప్రెయిజ్": పోప్ పద్యంలో చేదర్థకం

"డామ్ విత్ ఫెయింట్ ప్రెయిజ్" అంటే చప్పటి మెప్పుతో చంపడం. ఈ ఇంగ్లీషు మాటను మన నిందాస్తుతి కింద జమకట్టొచ్చా అని ఒకరు అడిగారు. కూడదనే నా అభిప్రాయం. పద్యం మొత్తం చదివితే తేడా తెలుస్తుంది.

ఆంగ్ల కవి అలెగ్జాండర్ పోప్ (1688–1744) తన మిత్రుడు డాక్టర్ ఆర్బత్‌నాట్‌కు రాసిన పద్యలేఖలోది ఇది. 1735 జనవరిలో అచ్చయింది. ఒకప్పుడు ఆన్ రాణికి వైద్యం చేసిన ఆర్బత్‌నాట్ అప్పటికి మరణానికి దగ్గరలో ఉన్నాడు, ఫిబ్రవరిలో పోయాడు. అందులో ఆటికస్ అన్న మారుపేరుతో కనిపించేది రచయిత జోసెఫ్ అడిసన్.

మొదట పొగడ్త. నిజమైన ప్రతిభ గలవాడు, రాయడానికీ మాట్లాడడానికీ హాయిగా బతకడానికీ పుట్టినవాడు అంటాడు. నిందాస్తుతిలో పొగడ్త పైపూత. ఇక్కడ పొగడ్త పొగడ్తే, అందుకే తర్వాతి దెబ్బ అంత లోతుగా దిగుతుంది. అంతటివాడు, సింహాసనం దాపున తోబుట్టువును ఓర్వని తురుష్క సుల్తానులా తయారైతే? తాను వెక్కిరించకుండానే పక్కవాళ్లకు వెక్కిరించడం నేర్పితే?

"విల్లింగ్ టు వూండ్, అండ్ యెట్ అఫ్రెయిడ్ టు స్ట్రైక్" అన్న పాదం చూడండి. నడుమ విరుపు, ఇటు గాయపరచాలన్న కోరిక, అటు కొట్టడానికి జంకు. ఆ వెంటనే "జస్ట్ హింట్ ఎ ఫాల్ట్, అండ్ హెజిటేట్ డిస్‌లైక్". హెజిటేట్ మామూలుగా అకర్మక క్రియ. పోప్ దానికి కర్మ తగిలించాడు. నచ్చలేదన్న సంగతిని నీళ్లు నములుతూ తెలియజేయడమన్నమాట! స్ట్రైక్, డిస్‌లైక్ అన్న అంత్యప్రాస రెండు పాదాలనూ తాళం వేసినట్టు బిగించేస్తుంది.

నన్ను కట్టిపడేసేది మాత్రం వ్యాకరణం. ఇరవై పాదాల పైచిలుకు చిత్రణలో "ఇలాంటివాడు ఉన్నాడు" అని ఒక్కచోటా అనడు. ఉంటే, అయితే, చేస్తే... అంతా చేదర్థకం, అంటే షరతు పెట్టే రూపం. ముగింపూ అంతే: అలాంటి మనిషంటూ ఉంటే నవ్వనివాడెవడు? ఆ మనిషి ఆటికసే అయితే ఏడవనివాడెవడు?

వెనక కథ ఉంది. 1715 జూన్‌లో హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్‌కు పోప్ చేసిన అనువాదం తొలి సంపుటం వచ్చింది. అదే వారంలో అడిసన్ మనిషి టికెల్ చేసిన మొదటి సర్గ అనువాదమూ వచ్చింది. రెండూ బాగున్నాయి గానీ రెండోదాంట్లో హోమర్ ఎక్కువున్నాడని అడిసన్ అంటున్నట్టు మిత్రుడు జాన్ గే పోప్‌కు ఉత్తరం రాశాడు. చప్పటి మెప్పుతో చంపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏం కావాలి? పద్యంలో ఆటికస్ రోమన్ నాయకుడు కేటోలా తన చిన్న సభకు శాసనాలు చేస్తుంటాడు. 'కేటో' అడిసన్ నాటకం. 1713లో దానికి నాందీపద్యం రాసిచ్చింది పోపే!

అడిసన్ 1719లోనే పోయాడు. ఈ భాగం అచ్చుకెక్కింది ఆ తర్వాతే. పోయినవాడి మీద రాశాడన్న నింద పోప్ మీద ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. అయినా ఇదే లేఖలో స్పోరస్ పేరుతో రాజాస్థానపు మనిషి లార్డ్ హార్వీని పురుగని, మురికని తిట్టిపోసిన భాగంకంటే నాకిదే గొప్పగా తోస్తుంది. అక్కడ కోపం గెలిచింది, ఇక్కడ వాక్యం గెలిచింది.

మన చాటువుల్లో ఇలా ఆసాంతం చేదర్థకం మీదే నడిచే అధిక్షేపం మీకెవరికైనా తెలుసా? తెలిస్తే పద్యం పూర్తిగా పెట్టండి.