ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రిలో పరిశోధనలో చేరతారా అని అడిగారు. ఒప్పుకోవచ్చా?

సుధ_హెడింగ్టన్:
మేం ఆక్స్‌ఫర్డ్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా వారికి షుగర్ ఉంది. మొన్న చెకప్‌కి వెళ్తే పరిశోధనలో చేరతారా అని అడిగి పన్నెండు పేజీల కాగితాలు చేతిలో పెట్టారు. కొత్త మందు ఎవరికి, పాత వైద్యం ఎవరికి అన్నది కంప్యూటరే తేలుస్తుందట. అది చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే టెన్షన్. మనిషి మీద ప్రయోగమే కదా! వద్దంటే రేపు వైద్యం సరిగా చేయరేమోనని ఇంకో భయం. ఆయనేమో సంతకం పెట్టేస్తానంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

కావ్య_కె:
రెండేళ్ల కిందట నన్నూ అడిగారు. వద్దన్నాను. నర్సు సరేనని కాగితాలు వెనక్కి తీసుకుంది, అంతే. తర్వాత అపాయింట్‌మెంట్లు, మందులు అన్నీ ఎప్పటిలాగే నడిచాయి.

పరిశోధన_నర్సు:
సుధగారూ, నేను ఈ ఊళ్లో పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కాదనే హక్కు మీ వారిది. చేరాక కూడా ఏ రోజైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు.

కంప్యూటర్ ఎందుకంటే, డాక్టరు ఎంచితే తెలియకుండానే ఏదో ఒక రకం రోగుల వైపు మొగ్గు పడుతుంది. అప్పుడు మందు పనిచేసిందో లేదో తేలదు. కోవిడ్ రోజుల్లో ఇక్కడివాళ్లు నడిపిన రికవరీ ట్రయల్ అనే పరిశోధన గుర్తుందా? డెక్సామెథసోన్ అనే మందు కంప్యూటర్ ఎంచిన 2,104 మందికి ఇచ్చి, మామూలు వైద్యం అందుకున్న 4,321 మందితో పోల్చారు. 2020 జూన్‌లో ఫలితం వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఎప్పటినుంచో ఉన్న చవక మందు అది!

వుడ్‌స్టాక్ రోడ్డులో పాత రాడ్‌క్లిఫ్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయన గుర్తొస్తాడు. ఆసుపత్రి మూసేశాక కొన్నేళ్లు ఆ భవనంలో ఫిలాసఫీ చెప్పారు. 1941 ఫిబ్రవరిలో ఆయనకు అక్కడే, అప్పటికింకా ప్రయోగంలో ఉన్న పెనిసిలిన్ ఎక్కించారు. జ్వరం దిగింది, అన్నం సహించింది. ఇంతలో మందు అయిపోయింది. ఆయన మూత్రం పట్టి అందులోంచి మళ్లీ పెనిసిలిన్ తీసి ఇచ్చారు. అదీ చాలలేదు. మార్చి 15న పోయాడు. ఆ మందు మనుషుల్లో పనిచేస్తుందని మొదట్లో చూపించినవాళ్లలో ఆయన ఒకడు. అందుకే చేరినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

అయినా తొందరపడి సంతకం పెట్టొద్దు. ఇప్పుడు వేసుకునే మాత్రలు మారతాయా, ఎన్నిసార్లు రావాలి, రక్తం ఎన్నిసార్లు తీస్తారు, ప్రయాణం ఖర్చులు ఇస్తారా, అర్ధరాత్రి తేడా చేస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలి, ఇవన్నీ అడగండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు దుబాసీని కూడా అడగొచ్చు, దానికి డబ్బులుండవు.

సుధ_హెడింగ్టన్:
చాలా థాంక్సండీ. కాగితాలు మళ్లీ తీసి ఇద్దరం చదివాం. తొమ్మిదో పేజీలో నెలకోసారి రక్తం ఇవ్వాలని ఉంది. ఆయన అంతవరకు చదవనే లేదట. గురువారం ఇద్దరం వెళ్తున్నాం, మీ ప్రశ్నలన్నీ రాసుకున్నాను.